మూత మీద చెయ్యి

చొప్పను పులియబెట్టి ఇంధనం తీసే యూనివర్సిటీ కేంద్రంలో శిక్షణకొచ్చిన వాళ్లంతా ఆమెను బేకరీ అక్క అంటారు. బేకరీ మూతపడేదాకా పిండి పిసికిన చేతులు ఆమెవి. వస్తూ పోతూ చొప్ప పులిసే స్టీలు ట్యాంకును తట్టందే ఊరుకోవు. చేరిన కొత్తలో, రొట్టె పిండిలా పొంగిందో లేదోనని మూతెత్తి చూసింది. బయటి క్రిములు చేరి ట్యాంకంతా పాడైంది. మర్నాడు, ఇక పొమ్మంటారని సంచీ సర్దుకునే వచ్చింది.

"వెళ్లిపోతే ట్యాంకు ఎవరు కడుగుతారమ్మా?" అన్నాడు శిక్షణ ఇచ్చే మాస్టారు.

కడిగింది. మళ్లీ ఈస్టు కలిపింది. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, ట్యాంకుకున్న గాజు కిటికీలోంచి బుడగలు చూస్తూ నిలబడింది. కొత్తగా చేరిన పెద్దాయన మూత మీద చెయ్యి వేశాడు.

"చూడాలని నాకూ ప్రాణం కొట్టుకుంటోంది అన్నయ్యా! చేతులు వెనక్కి కట్టుకోండి. దాని పని అది చేసుకుంటోంది."