గీత మీద ఖాళీ చుక్క

చాచక్ పట్టణంలోని ఓ ఆసుపత్రి వంటగదిలో మిలుంక సగం జీవితం గడిచిపోయింది. సెప్టెంబరు నుంచి డిప్లొమా లేనివాళ్లకు అక్కడ ఉద్యోగం లేదని పైవాళ్లు తేల్చేశారు. మిలుంక పెద్దవాళ్ల బడిలో చేరి అన్నీ గట్టెక్కింది, లెక్కలు తప్ప. అవి రెండుసార్లు తప్పింది. ఈ ఆగస్టు పరీక్షే ఆఖరిది.

పరీక్ష పెట్టేది లెక్కల టీచరు వుకోసావ. ఆవిడకో పాడు అలవాటుంది. ఒప్పు చెప్పినా తప్పు చెప్పినా మొహంలో ఏమీ కనపడనివ్వకుండా "ఖాయమేనా?" అంటుంది. ఆ మాటకు బెదిరి సరైన జవాబును చేజేతులా చెరిపేసుకున్నవాళ్లు ఊరినిండా ఉన్నారు. పోయినసారి మిలుంక చేసిందీ అదే.

బోర్డు మీద గ్రాఫ్ గీయాల్సిన ప్రమేయం, అంటే ఫంక్షన్, ఉంది. లవంలో ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు, హారంలో ఎక్స్ మైనస్ రెండు. మిలుంక పైదీ కిందదీ కొట్టేస్తే ఎక్స్ ప్లస్ రెండు మిగిలింది. ఏటవాలుగా గీత గీసింది. ఎక్స్ రెండైన చోట గీతను తెంపి, చిన్న ఖాళీ చుక్క పెట్టింది.

"ఖాయమేనా?" అంది వుకోసావ.

మిలుంకకు మళ్లీ అనుమానం పట్టుకుంది. ఇంత చక్కటి గీతకు మధ్యలో చిల్లేమిటి? రెండుకు రెండు కలిపితే నాలుగు రావడం లేదా? చుక్కను పూడ్చేద్దామని సుద్దముక్క ఎత్తింది. పక్కన కూర్చున్న పరీక్షాధికారి గడియారం చూసుకున్నాడు.

చెయ్యి చుక్కదాకా వెళ్లి ఆగింది. కొట్టేశాక మిగిలినదాన్ని కాదు, మొదట ఇచ్చినదాన్ని చూడాలి. అందులో రెండు పెట్టి మనసులోనే లెక్క కట్టింది. కింద సున్న వచ్చింది.

"ఖాయమే," అంది. "రెండు దగ్గర దీనికి విలువే లేదు. సున్నతో ఎలా భాగిస్తామమ్మా?"

"మిగతాచోట్ల?"

"ప్రతి ఎక్స్‌కీ ఒక్కటే విలువ. కుడివైపుకి పోయేకొద్దీ పెరగడమేగానీ తగ్గడం లేదు."

"ఖాయమేనా మిలుంకా?"

ఆవిడ మీద ఒళ్లు మండిపోయింది మిలుంకకు. "ఎన్నిసార్లడిగినా అంతే. ఫెయిల్ చేస్తే చేసుకోండి, చుక్క మాత్రం పూడ్చను."

వుకోసావ మార్కుల కాగితం ముందుకు లాక్కుంది.

"అయిదుకు మూడు మార్కులు," అంది వుకోసావ. "పాసయ్యావు. ఇక వెళ్లమ్మా."

రెండొచ్చి గట్టెక్కితే చాలని పొద్దున్నే చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చిన మనిషి, సుద్దముక్క కింద పెట్టకుండా అక్కడే నిలబడి, "నాలుగెందుకు కాదు?" అని అడిగింది.