ఎనిమిది పెనాలు, అక్క అటక

మా అక్కావాళ్లది రామనగుడ దగ్గర చెరుకు సేద్యం. వాళ్లు వండే బెల్లం వానాకాలానికి చెమర్చి కారిపోతోంది. ఈసారీ ఇలాగే అయితే చెరుకు పీకేసి మళ్లీ వరే వేస్తానని బావ కబురు పెట్టాడు. విశాఖపట్నంలో ఒక మిల్లులో సరుకు నాణ్యత చూడటమే నా ఉద్యోగం. ఆ మాత్రం తేల్చలేనా అని బయల్దేరాను.

నౌపడలో పొద్దున్నే చిన్న రైలెక్కాను. టికెట్టు గుమాస్తా పాత అణాలకీ కొత్తగా వచ్చిన నయాపైసలకీ లంకె కుదిర్చేసరికి కూత పెట్టేసింది. ఆ రైలు పక్కన నడిచేవాళ్లు మనల్ని దాటి వెళ్లిపోతారు. మధ్యాహ్నం గుణుపురంలో దిగి, రెండు రూపాయలకి ఎడ్లబండి మాట్లాడుకుంటే ఊరు చేరేసరికి దీపాలు పెట్టేశారు.

నా అనుమానాలు మూడు: పాకంలో వేసే సున్నం, మడ్డి తీసే బెండకాడల జిగురు, పొయ్యి మంట. ఒక్కోదాన్ని రెండు రకాలుగా మార్చి, అన్నీ కలిపి చూస్తే ఎనిమిది పెనాలు. ఏది ముందు వండాలో చీట్లు తీశాను. బావ నవ్వాడు. "బెల్లం వండుతున్నావా, లాటరీ ఏస్తున్నావా బామ్మర్దీ?"

మొదటి పెనం దిగగానే అక్క ఒక దిమ్మ తీసి, రాత్రి అక్కడే ఆగిన బండివాడి చేతిలో పెట్టేసింది. బెల్లం వండే చోటికి వచ్చినవాడు ఉత్తచేతులతో పోకూడదట. పరీక్ష సరుకు అలా పంచిపెడతారా అని గొణుక్కున్నాను. మిగతా దిమ్మలన్నిటికీ గుర్తులు వేసి, ఏ పాకం చెమ్మని తట్టుకుంటుందో చూద్దామని పశువులశాలలో తడి గోనెల మీద పెట్టించి, బెల్లం కొనే షావుకారుని కలవడానికి రాయగడ వెళ్లాను. అతను ఒక్క ముక్క చెప్పాడు, కారని బెల్లమైతేనే తెమ్మని.

వారం తర్వాత తిరిగొస్తూ ఉంటే గుణుపురంలో మళ్లీ అదే బండివాడు దొరికాడు. "అమ్మగారిచ్చిన బెల్లం బండిలో గడ్డికింద ఎట్టేను బాబూ. మంచుకి కారిపోనాది, గోనంతా జిగురే!" అన్నాడు. చెమ్మ పనిచేస్తోంది, శాలలో ఏ పాకం మంచిదో తేలిపోతుందని లోలోపల సంతోషించాను.

ఇంటికెళ్లి చూస్తే శాల ఖాళీ. దిమ్మలన్నీ పొయ్యిమీది అటకెక్కి ఉన్నాయి.

"ఎవరు తీశారు?" అని అరిచాను.

"నానే," అంది అక్క. "తిండి వస్తువు సెమ్మలో ఎట్టి మర్సిపోయేవనుకున్నాను రా. నువ్వెళ్లిన పూటే పైకి ఎక్కించీసేను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం వచ్చి, ఇన్ని పెనాలు వండించి, చివరికి పోల్చడానికి ఏమీ మిగల్లేదు. బావ మాత్రం నిచ్చెనెక్కి ఒక్కో దిమ్మనీ గుద్ది చూశాడు. అన్నీ రాళ్లే. బండివాడిది ఏ పెనమని అడిగాడు. మొదటిదని చెప్పాను.

"అదే పెనం బెల్లం బండిలో కారిపోయింది, అటకమీద నిలబడ్డాది. ఎనిమిది రకాలుగా వండినా పొగ తగిల్తే అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇంకేటి కావాలి?"

"ఒక్క దిమ్మతో ఏదీ తేలదు బావా! వానాకాలం దాకా ఆగాలి. మళ్లీ పెట్టాలి."

"నీకు సాలదేమో. నాకు సాలు. సెరుకు పీకను," అని దిగొచ్చేశాడు.

ఎవరు ఎలా వండినా చెడని బెల్లం కోసమే నేను వచ్చాను. అది దొరికిన తీరే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పద్ధతి ప్రకారం మళ్లీ చేయమని రెండు ఉత్తరాలు రాశాను. జవాబుగా శ్రావణంలో, జోరువానలో, ఎవరి చేతో అటకమీది దిమ్మ ఒకటి పంపారు. దాన్ని పగలగొట్టడానికి రోకలి కావాల్సి వచ్చింది.

అటువైపు ఇలాంటి పనిమీద వెళ్లేవారికి ఒకటే సలహా. దిమ్మలకి గుర్తులు తర్వాత వేయవచ్చు. ఏవి పాడవ్వాలో ముందు ఇంటి ఇల్లాలికి చెప్పండి.