అమావాస్యనాటి నిద్ర

మొన్న అమావాస్యనాడు మధ్యాహ్నం మా అమ్మాయి అన్నం ముందు కూర్చునే నిద్రపోయింది. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది, తల మాత్రం గోడకు వాలిపోయింది. హౌస్ సర్జన్ చేస్తోంది. అరపూట వీలు చిక్కితే ధర్మవరం వచ్చింది, మళ్ళీ సాయంత్రం డ్యూటీకల్లా ఆసుపత్రిలో ఉండాలి. బండికి వేళవుతోంది లేపమన్నట్టు మా ఆవిడ నా వైపు చూసింది. నాకేమో ఇదే ఊళ్ళో, ఇలాంటి అమావాస్యనాడే, మా నాయన మగ్గం పక్కన పడుకున్న మరో హౌస్ సర్జన్ గుర్తుకొచ్చి చెయ్యి ఆడలేదు.

మాది పట్టుచీరలు నేసే ఇల్లు. పెళ్ళిచీర గడువు ముంచుకొచ్చినా, సావుకారు గుమ్మంలో వచ్చి కూర్చున్నా, అమావాస్యనాడు మా నాయన మగ్గం ముట్టేవాడు కాదు. ఆ రోజు మగ్గానికి విశ్రాంతి, మనిషికి తలంటు. నాలుగక్షరాలు వంటబట్టాక నేను దాన్ని చాదస్తమని ఎగతాళి చేసేవాణ్ణి.

నాతోపాటు హౌస్ సర్జన్ చేసిన మిత్రుడొకడు ఉండేవాడు, రొళ్ల వైపు గొర్రెలు కాచుకునే ఇంటివాడు. ఏ ఆసుపత్రి అని అడక్కండి, మన కాలంలో అన్నీ ఆ బాపతే కదా! రక్తం తీసేదీ మనమే, ఆ సీసాలు పట్టుకుని ల్యాబుకు పరుగెత్తేదీ మనమే, ఎక్స్‌రే గది గోడకు ఆనుకుని నిలువునా కునికేదీ మనమే. వాడి చేయి ఎంత మెత్తనిదంటే, పసిపిల్లలు సూది దిగాక గానీ ఏడుపు సంగతి తలుచుకునేవారు కాదు. ముసలమ్మలు వాడు వచ్చేదాకా కట్టు విప్పనిచ్చేవారు కాదు. అలాంటివాడు రానురాను మాట తగ్గించేశాడు. పిలిస్తే పలికేవాడు కాదు. పళ్ళెం ముందు కూర్చుని, ఇది ఆకలో నిద్రో తెలీడం లేదనేవాడు. అందరమూ అలాగే ఉన్నాం గనుక అదొక జబ్బని మాలో ఎవరికీ తోచలేదు, డాక్టర్లం అయ్యుండీ.

ఒక ఆదివారం వాణ్ణి బలవంతంగా మా ఇంటికి తీసుకొచ్చాను. మా అవ్వ తలకు నూనె పెట్టి స్నానం చేయించింది. అన్నం తిని మగ్గం పక్కన చాప మీద అలా ఒరిగాడు. సాయంత్రం వాడికి వార్డు డ్యూటీ. మధ్యాహ్నం బండికి లేపమని నాయనకు చెప్పి, నేను బత్తలపల్లిలో మా అత్తను చూడడానికి పోయాను. పొద్దువాలి తిరిగొస్తే వాడు అదే చాప మీద అలాగే నిద్రలో ఉన్నాడు. నాయన పక్కన కూర్చుని ఈగలు తోలుతున్నాడు.

"ఈ పొద్దు అమావాస్య గదప్పా. మగ్గానికే సెలవిచ్చినామే, పిల్లోన్ని యెట్ల లేపేది? చెయ్యి రాలేదు నాకు" అన్నాడు.

మరునాడు పెద్ద డాక్టరు, డ్యూటీకి రాలేదని రోగులందరి ముందూ వాణ్ణి దులిపేసి, హౌస్ సర్జన్సీ పొడిగించమని రాసి పంపాడు. వాడు తెల్ల కోటు మడిచి మంచం మీద పెట్టి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. ఎన్ని కబుర్లు పంపినా మళ్ళీ రాలేదు. ఒక మంచి డాక్టరు మనకు కాకుండా పోయాడు. అది తన చేతులారా జరిగిందని మా నాయన కుమిలిపోయాడు, పోయేదాకా ఆ మాటే.

నేను పెనుకొండలో ప్రాక్టీసు పెట్టిన చాలా ఏళ్ళకు హిందూపురం గొర్రెల సంతలో వాడు కనిపించాడు. ముందు మా నాయన క్షేమమే అడిగాడు.

"మీ నాయన తప్పేముండాది? నేనాపొద్దుకే అయిపోయింటి. ఆయప్ప ఒక్కడే నన్ను పండుకోనిచ్చినోడు" అన్నాడు.

ఆ మాట వినడానికి నాయన అప్పటికే లేడు.

మా వీధిలో ఇప్పుడు చేతిమగ్గాలు ఏవో కొన్ని మిగిలాయి. పక్కింటి మరమగ్గానికి అమావాస్య లేదు, పున్నమి లేదు, కరెంటు ఉంటే చాలు. చాదస్తమని మనం నవ్విన ఆ ఒక్క రోజూ పోయింది, ఆసుపత్రిలో హౌస్ సర్జన్ పిల్లలకు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. లేపకపోతే ఏమవుతుందో ఒకసారి చూసినవాణ్ణి. అందుకే ఆ మగ్గం చప్పుడులోనే అమ్మాయి భుజం తట్టాను.

ఉలిక్కిపడి లేచింది. కళ్ళు పూర్తిగా తెరవకముందే, నన్ను చూసి, "ఏ బెడ్, సిస్టర్?" అంది.