జేజినాయన చేతికి అందని దూది

మా చిన్నప్పుడు... పొద్దున లేస్తే తలలో దూది, సంగటిలో దూది. ప్రొద్దుటూరులో మాది దూదేకుల ఇల్లు. వసారాలో నాయన విల్లుతో దూది ఏకుతుంటే ఆ మోత వీధి చివరిదాకా వినిపించేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి...

జేజినాయన అంటే మా నాయనకు నాయన. నలభై ఏండ్లు దూది ఏకిన మనిషి. ఆ దూది నుసంతా రొమ్ములో పేరుకుందేమో, ముసలితనంలో నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం...

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరు దూది తెచ్చినా ముందు జేజినాయన చేతిలో పెట్టాలి. ఆయన చిటికెడు తీసుకుని వేళ్లతో సాగదీసి, పరుపుకు పనికొస్తుందో దిండ్లకే సరో చెప్పాలి. ఆ తర్వాతే నాయన విల్లు పట్టాలి. జేజినాయన అంచనా తప్పడం నేను చూడలేదు. తప్పినా ఒప్పుకునే మనిషి కాదనుకోండి!

ఒకసారి దగ్గు ముదిరితే జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయారు. నుసికి, పొగకు దూరంగా ఉంచమన్నాడు డాక్టరు. నాయన ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. పని పక్కవీధి కొట్టానికి మార్చాడు. జేజినాయన మంచం వెనక గదిలో వేయించాడు. చిటికెడు దూది కూడా ఆయన దాకా పోనివ్వలేదు. ఎవరైనా చూడటానికొస్తే "మాట్లాడిచ్చొద్దప్పా, ఆయాసమొస్తాది" అని వాకిట్లోనే ఆపేసేవాడు.

దగ్గు కొంచెం తగ్గింది... మనిషీ తగ్గిపోయాడు. సంగటి ముద్ద తట్టలోనే ఎండిపోయేది. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. జేజి, అంటే మా నాయనమ్మ, పలకరిస్తే ఊ కొట్టడం కూడా మానేశాడు. మేమేమో "నెమ్మదిగా ఉన్నాడు, నయమవుతోంది" అని సంతోషపడ్డాం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకరోజు పులివెందుల నుంచి మా పాత వాడుక మనిషి ఒకాయన, కూతురి పెళ్లి పరుపుకు దూది తెచ్చాడు. నాయన వద్దంటున్నా వినకుండా లోపలికి పోయి జేజినాయన మంచం మీద కూర్చున్నాడు.

"ఏంది మామా, పలకవు? నా దూది చూడవా?"

జేజినాయన ఇటు తిరగలేదు. "నన్ను ఎప్పుడో పూడ్చిపెట్నారు లేప్పా... ఊపిరొకటే పోలేదు" అన్నాడు.

గడపలో నిలబడ్డ నాయన ఆ మాట విన్నాడు. బయటికి పోయి, చిటికెడు దూది తెచ్చి తండ్రి అరచేతిలో పెట్టాడు. జేజినాయన దాన్ని చాలాసేపు అట్లే పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా సాగదీశాడు.

"ఎవుడప్పా నీకిది అమ్మినోడు? సగం పాతది కలిపినాడు!" అని తిట్టి, దగ్గి, ఆగి, మళ్లీ తిట్టాడు. జేజి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరుసటి రోజు మంచం ముందు గదిలోకి వచ్చింది. ఆయాసం మాత్రం పోలేదు. మధ్యమధ్య కొన్ని రోజులు మళ్లీ గోడవైపే తిరిగి పడుకునేవాడు. అప్పుడు దూది చేతిలో పెట్టినా పట్టుకునేవాడు కాదు. అట్లా ఇంకో రెండేండ్లు ఉండి పోయాడు...

ఇప్పుడు పరుపులు షాపుల్లో కొంటున్నాం. ఆయన్ను గోడవైపు తిప్పిన ఆ దిగులుకూ డాక్టర్ల దగ్గర ఒక పేరుంది, మందుంది. అప్పట్లో అదీ ఒక జబ్బేనని మాకు తెలియదు. రోజుకు పదిసార్లు "ఆయాసం ఎట్లుంది?" అని అడిగాం... అన్ని నెలల్లో ఆయన్ను ఇంకేదీ అడగలేదు. మీ ఇంట్లోనూ ఊపిరాడక మంచం పట్టిన పెద్దవాళ్లుంటే, ఈరోజు వాళ్లను ఏమడిగారో కాస్త చెప్పండి...