మాట పోయిన మార్నింగ్ షో

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక పాత థియేటరులో హెడ్ ఆపరేటరుగా నాకు అది చివరి నెల. రీళ్ల కాలంలో చేరి, డిజిటల్ కాలంలో దిగిపోతున్నాను. ఒక ఆదివారం మార్నింగ్ షోకి, ఇరవై ఏళ్ల నాటి కాలేజీ కామెడీ సినిమా మళ్లీ వేశాం. పెద్ద కథేం కాదు. నలుగురు ఇంటర్ పిల్లలు పరీక్ష తప్పుతారు, ఇంట్లో అబద్ధాలాడతారు, దొరికిపోతారు. డిజిటల్ బొమ్మకు తాళం ఉంటుంది. పంపిణీదారులు ఆ ఒక్క ఆటకే తెరిచిచ్చారు. మధ్యలో ఆపి గడువు దాటితే మిగతా బొమ్మ పడదు.

హాలు నిండింది. బాల్కనీ ముందు వరుసలో వసుంధర మేడమ్ కనిపించారు. కోచింగ్ సెంటరులో మా అమ్మాయికి లెక్కలు చెప్పిన మనిషి. ఆమె నవ్వగా ఎవరూ చూడలేదని మా అమ్మాయి అనేది. రెండు వరుసల వెనక ఆమె విద్యార్థులు తలలు వంచుకుని దాక్కున్నారు.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి సౌండ్ పోయింది. అలాంటప్పుడు బొమ్మ ఆపి, లైట్లు వేయాలి. మేనేజర్ యాదగిరి ఫోన్ చేశాడు. "అన్నా, జర ఆపుర్రి. జనం కుర్చీలు ఇరగ్గొడ్తరు."

మీట మీద చెయ్యి వేసి, గాజు కిటికీలోంచి హాల్లోకి చూశాను. తెర మీద హీరోయిన్ మార్కుల కాగితం తండ్రికి ఇస్తోంది. బాల్కనీలో ఒక ఆడగొంతు లేచింది.

"నాన్నా, ముప్పై నాలుగొచ్చాయి. ఇంకొక్కటి మీరు వేస్తే పాసే!"

వసుంధర మేడమే. కింద నుంచి ఎవరో తండ్రి మాటను తన యాసలోకి మార్చి అందుకున్నాడు. "ఏస్త బిడ్డా, ఈపు మీద ఏస్త!"

హాలు పగలబడి నవ్వింది. తర్వాత ఒక్కో పాత్రను ఒక్కొక్కరు పంచుకున్నారు. వెనక పిల్లలు నోళ్లు తెరుచుకుని లేచి నిలబడ్డారు. మేడమ్ వెనక్కి తిరక్కుండానే, "కూర్చోండి. ఇప్పుడు ప్రిన్సిపాల్ వస్తాడు," అన్నారు.

ఆపనని, బాధ్యత నాదేనని యాదగిరితో చెప్పాను. యాంప్లిఫయర్లో ఫ్యూజు మార్చాను. సౌండ్ రాగానే హాలంతా ఒకటే అరుపు. "సౌండ్ బంద్ చెయ్యన్నా!" ఆ సీను అయ్యేదాకా సౌండ్ బంద్ చేశాను.

ఆట అయ్యాక మేడమ్ మెట్లెక్కి నా ప్రొజెక్టర్ గదికి వచ్చారు. "అల్లరి చేశామండీ, ఏమీ అనుకోకండి. అప్పట్లో పరీక్ష పోయి అన్నం మానేస్తే మా అక్క లాక్కొచ్చి ఈ సినిమా చూపించింది. నవ్వీ నవ్వీ ఇంటికెళ్లి అన్నం తిన్నాను. మర్నాడు మళ్లీ పుస్తకం తీశాను."

ఆమె వెనకే వచ్చిన ఒక అమ్మాయి అడిగింది. "మీరు ఫెయిలయిన్రా మేడమ్?"

"అయ్యాను. లెక్కల్లోనే."

ఆ అమ్మాయి కళ్లు నిండాయి. "నాది గూడ పోయింది మేడమ్. ఇంట్ల ఇంక చెప్పలే."

మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పద, నేనొస్తాను," అన్నారు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు.

సౌండ్ పోతే బొమ్మ ఆపాలన్న నిబంధన సరైనదే. నా తర్వాత వచ్చిన ఆపరేటరుకు అదే నేర్పాను. అయితే ఆపేముందు ఒకసారి జనాన్ని చూడమని కూడా చెప్పాను.