మందు కలపని ప్లేటు

మట్టిలో ఒక గమ్మత్తైన బాక్టీరియా ఉంటుంది. పక్కవాటిని చంపడానికి యాంటీబయాటిక్ తయారుచేస్తుంది, తను మాత్రం నిక్షేపంలా బతుకుతుంది. దాన్ని కాపాడే జన్యువు దాని లోపలే ఉంటుంది. మా క్యాంపస్ హాస్టల్ వెనక మట్టి తవ్వి తెచ్చి, ఆ జన్యువు కోసం మూడేళ్లు వెతికాను. చివరికి మా పీహెచ్‌డీ గైడ్ సార్ విసిగిపోయారు.

"సోమవారం దాకా చూస్తనమ్మా. రాకుంటే టాపిక్ మార్చేద్దాం" అన్నారు. మారిస్తే నా మూడేళ్లూ గంగపాలే.

నాకు అనుమానమున్న జన్యువును మామూలు బాక్టీరియాలోకి ఎక్కించి, యాంటీబయాటిక్ మందు కలిపిన ల్యాబ్ ప్లేటు మీద పరిచాను. నేను వెతికే జన్యువు అదే అయితే బతుకుతాయి, కాకపోతే చస్తాయి. పోల్చి చూడటానికి, జన్యువు ఎక్కించనివాటిని అలాంటిదే ఇంకో ప్లేటు మీద పరిచాను; అవి ఎలాగూ చావాలి. శనివారం పొద్దున తీసి చూస్తే మొదటి ప్లేటు నిండా తెల్లటి చుక్కలు, అంటే బతికి పెరిగిన బాక్టీరియా. నాకు పిచ్చి పట్టినట్టయింది. తార్నాక దాకా పరుగెత్తి కిలో జిలేబీ తెచ్చి, వాచ్‌మన్‌తో సహా అందరికీ పంచాను. అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను కూడా.

మా ల్యాబ్‌లో ప్లేట్లు కడిగే అక్క మాణికేశ్వర్ నగర్ నుంచి వస్తుంది. నన్ను చెల్లె అంటుంది. జిలేబీ నములుతూనే, నేను చూడటం మరిచిన ఆ రెండో ప్లేటు తెచ్చి చూపించింది.

"చెల్లె, జీన్ ఎక్కియ్యని దాంట్ల గూడ మస్తు మొలిచినయ్. గిట్లయితదా?"

కాదు, కాకూడదు. ఫ్రిజ్ తెరిస్తే యాంటీబయాటిక్ మందు సీసా సీలు కూడా తీయకుండా ఉంది. అసలు మందే కలపకుండా ఊరంతా స్వీట్లు పంచిన మహాతల్లిని నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. అక్క మాత్రం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది, ఆ నవ్వు చూసి నేనూ ఆగలేకపోయాను.

"ఫికర్ జెయ్యకు. ఇంక రెండు దినాలున్నయ్ గదా. ఈసారి నువ్వు మందు ఏస్తుంటే నేను నిలవడి సూస్త" అంది.

అన్నట్టే పక్కన నిలబడి చూసింది.

సోమవారం, జన్యువు ఎక్కించని ప్లేటు పూర్తిగా ఖాళీ. జన్యువు ఎక్కించినదాంట్లో ఏడు చుక్కలు. సార్ రెండింటినీ కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

"మందు కలిపినవా?"

నేను నోరు తెరిచేలోపే అక్క, "కలిపింది సార్. నేను సూసిన" అంది.

సార్ నా నోట్‌బుక్ తీసుకుని, ఇదే టాపిక్ కొనసాగించమని రాసి సంతకం పెట్టారు. తర్వాత పెన్ను అక్క చేతికిచ్చి, కింద 'సాక్షి' అని ఉన్నచోట పేరు రాయమన్నారు. ఇరవై ఏళ్లుగా మా ల్యాబ్‌లో పనిచేస్తున్న ఆమె పేరు అంతవరకు ఏ నోట్‌బుక్‌లోనూ లేదు. చేతులు చీరకు తుడుచుకుని, ఒక్కో అక్షరమే నిదానంగా రాసింది.