వెనీలా పూసుకున్న సిస్టరమ్మ

నా నోరు పెద్దది. ఈ మాట నేను ఒప్పుకోకపోయినా చండ్రుగొండ దాటి అడవి అంచు దాకా ఏ గడపలో అడిగినా చెప్తారు. అక్కడొక ఉపకేంద్రంలో నేను ఏఎన్ఎంని. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణులకు బీపీ చూడడం, మాత్రలివ్వడం, కాన్పుకు దవాఖానాకు పంపడం నా ఉద్యోగం. తిట్టడం సర్కారు చెప్పిన పని కాదు, నేనే కలుపుకున్నాను.

తప్పు పూర్తిగా నాది కాదు. మా నాయన బొగ్గుబాయిలో పనిచేశాడు. లోపలి యంత్రాల మోతకు ఆయన చెవులు మొద్దుబారాయి. మా ఇంట్లో ఉప్పు అందించమన్నా అరవాల్సిందే. "అన్నం తిను నాయనా" అని ప్రేమగా పిలిచినా పక్క క్వార్టర్‌ వాళ్లు కొట్లాట అనుకుని కిటికీలోంచి తొంగిచూసేవాళ్లు. ఆ గొంతుతోనే చదువుకున్నాను, ఆ గొంతుతోనే కాపురానికొచ్చాను. మా ఆయన కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. నా గొంతు ఇంట్లో లేస్తే "హైటెన్షన్ లైనొచ్చింది, దూరం జరగుండ్రి" అంటాడు. మా అత్తమ్మ ఆ మాట కూడా అనదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది" అని గోడకు చెప్పినట్టు చెప్పి దేవుడి గదిలోకి పోతుంది.

ఇట్లాంటి నాకు మా అమ్మాయి పుట్టినరోజు కానుకగా ఒక సెంటు సీసా తెప్పించింది. డిగ్రీ చదివే పిల్ల, అన్నీ ఫోన్లోనే చూసి కొంటుంది. సీసా బెల్లం రంగులో ముద్దుగా ఉంది. మూత తీస్తే వెనీలా వాసన, పాయసంలో ఐస్‌క్రీం కరిగినట్టు తియ్యగా.

"అమ్మా, ఈ సెంటు కొట్టుకునేటోళ్ల పర్సనాలిటీ ఎట్లుంటదో రాసిండ్రు, ఇను" అని ఫోను చూసి చదివింది. వెనీలా ఇష్టపడేవారు మృదుస్వభావులట. పల్లెత్తు మాట అనరట. వాళ్లు పక్కనుంటే చుట్టుపక్కల వాళ్లకు హాయిగా ఉంటుందట. పసిపిల్లలు వాళ్ల దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారట.

మా ఆయన పేపరు కిందికి దించాడు. "పార్సిల్ తప్పు అడ్రస్‌కొచ్చింది. జల్దీ వాపస్ పంపు బిడ్డా" అన్నాడు.

నాకు రోషం ముంచుకొచ్చింది. ఏం, నేను మృదువుగా ఉండలేనా? ఉండి చూపిస్తాను, అందరి నోళ్లూ మూతపడతాయి అనుకున్నాను. మృదుత్వం గురించి కూడా పళ్లు కొరుక్కుంటూనే ప్రతిజ్ఞ చేశానని అప్పుడు తోచలేదు.

మర్నాడు పొద్దున మెడకింత, మణికట్టుకింత, నమ్మకం చాలక కొంగుకు ఇంకింత కొట్టుకుని బయల్దేరాను. మేముండే ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కగానే పక్కనున్న పెద్దాయన అందర్నీ హెచ్చరించాడు: "కేకు డబ్బా ఎవ్వరిదో గని, జర పైన వెట్టుకోండ్రి, నలిగిపోతది." వేరే రోజైతే ఆయన్ని ఆటోలోంచి దింపేదాన్ని. ఆ రోజు చిరునవ్వు నవ్వాను. తల్లాడలో బస్సు మారాక ఒక చంటిది తల్లి ఒళ్లోంచి వంగి నా చెయ్యి పట్టుకుని మణికట్టు నాకింది. పసిపిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు! నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ ఒక సీసా తక్కువై చెడ్డపేరు మోశాను గదా అనుకున్నాను.

ఆ మురిపెం అంగన్‌వాడీ గుమ్మం దాకే. లోపల అడుగుపెట్టగానే ముందు వరసలో ఉన్న చిన్నపిల్ల ముక్కు ఎగబీల్చింది, మొహం మాడ్చింది, "అమ్మో, మందు!" అని కేకపెట్టి వెనక తలుపులోంచి పరుగు. దాని వెనక మిగతావాళ్లంతా. ఆ ఊరికి ఐస్ బండి వస్తుంది గాని అతని దగ్గరుండేవి ఎర్ర పుల్లలూ నారింజ పుల్లలూ. వెనీలా వాసన ఆ పిల్లలకు తెలిసింది మేము ముక్కు మూసి గొంతులో పోసే జ్వరం సిరప్పు వల్లనే. నేను నిలువెత్తు సిరప్పు సీసానై నడిచొచ్చాను.

"ఏంది సిస్టర్, మందు మీద ఒంపుకున్నవా?" అని మా ఆశా కార్యకర్త గోడ పట్టుకుని నవ్వింది. ఆ ఊరి పిల్లే, నాతో ఏళ్లుగా తిరుగుతోంది. ఆమెనూ ఏమీ అనలేదు. ఆమె నవ్వు ఆపి, ఒంట్లో బాగుందా అన్నట్టు నన్ను చూసింది.

పిల్లల్ని పట్టుకొచ్చి టీకాలు వేశాక ఇద్దరం ఊరి చివర ఇంటికి వెళ్లాం. అక్కడ తొలిచూలు కోడలుంది, నెలలు నిండవస్తున్నాయి. ఆ ఇంట్లో వాళ్లు తమలో తాము కోయ మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. ఆ పిల్ల కాళ్లు చూశాను. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. బీపీ చూస్తే పెరిగింది. ఇంత జరుగుతుంటే వారమంతా మిరపకాయ ఏరడానికి కూలికి పోయిందట.

మామూలుగా అయితే నేను ఏమనేదాన్నో రాస్తే అచ్చులో పట్టదు. నోటిదాకా వచ్చింది కూడా. మెడ దగ్గర వెనీలా గుప్పుమంది. మింగేశాను.

"చూడు తల్లీ, కొంచెం బీపీ ఉన్నట్టుంది. రేపు కొత్తగూడెం పెద్ద దవాఖానాకు వెళ్తే మంచిది. పనికి వెళ్లకు. కంగారు పడవద్దు" అన్నాను, టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా. ఆశా కార్యకర్త నోరు తెరిచింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకుని హాయిగా నవ్వారు. "మంచిది సిస్టర్" అంది అత్త. లోపలికి పోయి దోసెడు కొత్త చింతపండు తెచ్చి నా సంచిలో పోసింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నాకు మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. సాయంత్రం ఆ చింతపండు మా ఆయన ముందు పతకంలా పెట్టాను. "ఒక్క దినానికే? పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకల్తోని గాని పోదంటరు, చూద్దాం" అన్నాడు. కుళ్లు అనుకున్నాను.

మర్నాడు పొద్దున మళ్లీ సెంటు కొట్టుకుని వెళ్లాను. చండ్రుగొండలో బస్సు దిగి ఊరి వైపు ఆటోలో పోతుంటే ఎదురుగా మిర్చి కూలీల ట్రాలీ ఆటో వస్తోంది. చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. వాళ్ల మధ్య, టిఫిను డబ్బా పొట్ట మీద ఆనించుకుని, ఆ కోడలు. పక్కనే అత్త.

నా ఆటో ఆపించి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. "నిన్న నేనేం చెప్పిన?"

"చెప్పినవ్ సిస్టర్" అంది అత్త, ఏ తప్పూ లేని మొహంతో. "గని తిట్టలే గదా."

"ఏందీ?"

"పానం మీదికొస్తె నువ్వు తిడ్తవ్. పక్కింటి పిల్లకు రక్తం తక్కువున్నప్పుడు ఊరంత ఇనపడెటట్టు తిట్టినవ్. మా మరిది కొడుక్కు జొరం ముదిరినప్పుడు మరిదిని కొట్టబోయినవ్. మేం ఉరికినం, వాళ్లు బతికిండ్రు. నిన్న సల్లగ మాట్లాడినవ్. గింత తియ్యటి వాసన గూడ వచ్చింది. భయం లేదేమో, పండుగకు పోతున్నవేమో అనుకున్నం."

బీపీ మిషను మీద అంకెలు వాళ్లెప్పుడూ చూడలేదు. నా నోరే వాళ్ల మిషను. దాన్ని నేను వెనీలాతో చెడగొట్టుకొచ్చాను. చుట్టుపక్కల వాళ్లకు హాయిగా ఉంటుందని ఫోన్లో రాసింది అబద్ధం కాదు, హాయిగానే మిరప చేనుకు బయల్దేరారు.

"దిగవే!" అన్నాను. చెట్ల మీది కాకులు లేచాయి. "సావడానికి పోతున్నవా చేన్లకు? కాళ్లు జూస్కున్నవా, గుమ్మడికాయలైనయ్! ఓ ముసల్దానా, నీ కండ్లకేమైంది? ఫిట్స్ వస్తె తల్లీబిడ్డలు ఇద్దరూ దక్కరు, అప్పుడు ఏరుకో మిరపకాయలు!"

అత్త మొహం తెల్లబోయింది. ట్రాలీలో ఆడవాళ్లంతా గబగబా దిగి కోడల్ని చేతుల మీద దింపారు. అప్పుడు చెప్పింది ఆ పిల్ల, దాచుకున్నది చెప్పుకున్నట్టు చిన్న గొంతుతో: "పొద్దుగాలటి సంది తలకాయ పలుగుతుంది సిస్టర్. కండ్లు మసకగున్నయ్."

అంబులెన్సు వచ్చేదాకా కూలీలు కొంగులతో విసిరారు. దారిలో ఆ పిల్ల ముక్కు మూసుకుని "నీ వాసన పడ్తలేదు" అంటే స్పిరిటు దూదితో మెడా చేతులూ మండేదాకా తుడుచుకున్నాను. కొత్తగూడెం దాకా తిడుతూనే ఉన్నాను. ఆమెను, అత్తను, గుంతల రోడ్డును, మిరపకాయను, నన్ను. నోరు ఆపితే ఏడుపొస్తుందని నాకు తెలుసు.

ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, బరువు తక్కువే గాని ఏడుపు గట్టిది. తల్లికి మాత్రం ఇంకా గండం గడవలేదన్నారు.

ఆ సెంటు సీసా ఇప్పుడు మా ఆయన చెప్పుల స్టాండు దగ్గరుంది. బూట్లలో కొట్టుకుంటాడు. మా ఇంట్లో మృదుస్వభావం ఉన్నవి ఆయన సాక్సులొక్కటే.

కొన్నాళ్లకు ఆ పిల్లను వార్డుకు మార్చారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. ఆమె పక్కకు తిరిగి పడుకుని ఉంది, మొహంలో వాపు తీసింది. మంచం కాళ్ల వైపు అత్త నిలబడి ఉంది. నేను రాగానే ఆమె చూపు నా నోటి మీద పడింది. అక్కడి నుంచి కదల్లేదు.

నేను ముందు కేసు షీటు చూశాను. నమ్మకం చాలక నా మిషను తీసి నేనే బీపీ చూశాను. తగ్గింది. మళ్లీ చూశాను. తగ్గింది.

"ఎట్లున్నవ్ బిడ్డా?" అన్నాను. నా గొంతు అంత మెల్లగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"తిడ్తలేవా సిస్టర్?" అని అడిగింది అత్త.

"లేదు."

"నిజంగ?"

"అవ్. నిజంగనే తిడ్తలేను."

ఆమె అట్లాగే మంచం కోడు పట్టుకుని కిందికి జారి, నేల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.